నూనె పోసిన కుక్కర్‌కి వెయిట్ పెట్టమంటారా?

ప్రశ్న: మా పిల్లలకు కేఎఫ్‌సీ బకెట్ చికెన్ అంటే ప్రాణం. నెలకు రెండుసార్లు బయట కొనడం ఎందుకని ఇంట్లోనే చేద్దామనుకున్నాను. ఒక వీడియోలో ఐదు లీటర్ల కుక్కర్‌లో నూనె కాచి, పిండి పట్టించిన ముక్కలు వేసి మూత పెట్టేశారు. వెయిట్ మాత్రం పెట్టలేదు. నేనూ అలాగే చేశాను. రెండు నిమిషాలైనా కాలేదు, వెయిట్ పెట్టే గొట్టంలోంచి నూనె చిమ్మింది. గోడ మీద, స్టవ్వు మీద, నా చీర మీద పడింది. గబగబా గ్యాస్ ఆపేశాను. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. చల్లారాక మూత తీస్తే పైపొర తడిసిన బ్రెడ్డులా మెత్తగా ఉంది. ఒక లెగ్ పీస్ ఎముక దగ్గర ఎర్రగా కూడా ఉంది. మా ఆయనేమో 'వెయిట్ పెట్టి ఉంటే నూనె బయటికి వచ్చేదే కాదు, షాపుల్లో ప్రెషర్‌లోనే వేయిస్తారు' అంటున్నారు. వచ్చే ఆదివారం మా మరిది వాళ్లు వస్తున్నారు. ఈసారి వెయిట్ పెట్టి చేయమంటారా? ఎన్ని విజిల్స్ రానివ్వాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. ఒక్క విజిల్ కూడా వద్దు. నూనె పోసిన కుక్కర్‌కి వెయిట్ సంగతి తర్వాత, అసలు మూతే పెట్టకూడదు. మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు, ఈ ఒక్క ముక్క మాత్రం ఇప్పుడే మీ ఆయనకు వినిపించండి.

మీ కుక్కర్‌లో ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. కోడిమాంసంలో 70 శాతానికి పైగా నీళ్లే. ముక్క కాగిన నూనెలో పడగానే ఆ నీళ్లు ఆవిరై బయటికొస్తాయి. బాణలిలో అయితే ఆవిరి పైకి పోతుంది, మనకు బుడగలు, చిటపటలు కనిపిస్తాయి. మూత పెట్టారనుకోండి, ఆ ఆవిరి పోవడానికి సన్నటి గొట్టం ఒక్కటే దారి. పోగా మిగిలింది మూత లోపల చుక్కలు కట్టి మళ్లీ నూనెలోనే పడుతుంది. కాగిన నూనెలో నీటి చుక్క పడితే ఏమవుతుందో పోపు వేసే వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక మిల్లీలీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 మిల్లీలీటర్ల చోటు కావాలి. ఆ పొంగుకి నూనె నురగలా లేచి, దొరికిన దారిలోంచే బయటికొచ్చింది. మీ పైపొర మెత్తబడిందీ ఆ ఆవిరి వల్లే. ముక్కలు పాపం ఒకవైపు వేగుతూ ఇంకోవైపు ఇడ్లీల్లా ఉడికాయి.

ఇక వెయిట్ పెడితే నూనె బయటికి రాదన్న మాట. కాసేపు రాకపోవచ్చు. ఆ కాసేపట్లో లోపల ఏం జరుగుతుందన్నదే నా భయం. మన ఇళ్లలో వాడే కుక్కర్లు నీళ్ల కోసం చేసినవి. వెయిట్ పెడితే లోపల చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ప్రెషర్ పెరుగుతుంది, నీళ్లు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. నీళ్లున్నంత సేపూ వేడి అంతకు మించి పోదు. ఎంత పెద్ద మంట పెట్టినా విజిల్స్ తొందరగా వస్తాయి తప్ప వేడి పెరగదు. కుక్కర్‌కి నీళ్లే కళ్లెం. మూతలో ఉండే రబ్బరు గ్యాస్కెట్‌నీ సేఫ్టీ వాల్వ్‌నీ ఆ వేడిని లెక్కలో పెట్టుకునే చేశారు. నూనెకు ఆ కళ్లెం లేదు. వేపుడికి కావలసిందే 170, 180 డిగ్రీలు. మంట తగ్గించకపోతే 200 దాటుతుంది, ఇంకా వదిలేస్తే పొగలు కక్కి అంటుకుంటుంది. అంత వేడికి రబ్బరు మెత్తబడుతుంది. వేడి మితిమీరితే కరిగిపోవాలని సేఫ్టీ వాల్వ్‌లో పెట్టే లోహపు బిళ్ల కరుగుతుంది. అది కరిగితే పప్పు కుక్కర్‌లోంచి వచ్చేది ఆవిరి, మీ కుక్కర్‌లోంచి వచ్చేది సలసల కాగే నూనె. కిందేమో గ్యాస్ మంట. పైగా ముక్కల నుంచి రాలిన పిండి పలుకు ఒక్కటి ఆ గొట్టానికి అడ్డం పడితే చాలు, ఆవిరికి ఉన్న ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది.

అంతా సవ్యంగా జరిగి ప్రెషర్ వచ్చిందనుకుందాం. అప్పుడైనా దింపేటప్పుడు వెయిట్ ఎత్తితే ప్రెషర్ ఒక్కసారిగా పడిపోతుంది. అంతవరకూ ప్రెషర్ కింద అణిగి ఉన్న నీళ్లన్నీ ఒకేసారి మరుగుతాయి. కుక్కర్‌లో పాలు పొంగినట్టు నూనె పొంగుతుంది. కుక్కర్ కంపెనీలు ఇచ్చే పుస్తకాల్లో మూత పెట్టి నూనెలో వేయించవద్దని హెచ్చరిస్తారు. మన ఇళ్లలో ఆ పుస్తకం కుక్కర్ అట్టపెట్టెతో పాటే అటక ఎక్కుతుంది, అదీ సంగతి.

మిమ్మల్ని కోప్పడుతున్నానని అనుకోకండి. పెళ్లయిన కొత్తలో నేనూ ఈ పని చేశాను. అప్పట్లో వీడియోలు లేవు, పక్కింటావిడ చెప్పింది. 'వెయిట్ తీసేస్తే ఏమీ కాదు' అని ధైర్యం కూడా ఇచ్చింది. గొట్టంలోంచి వచ్చిన నూనె బర్నర్ మీద పడి మంట చిమ్నీ దాకా లేచింది. కిటికీ కర్టెన్ కొస కాలింది. నా జడ కాలకపోవడం నా అదృష్టం. ఆ రోజు ఇంట్లో అందరం పెరుగన్నం తిన్నాం. అందుకే మీ ఉత్తరంలో చీర సంగతి చదవగానే గుండె ఝల్లుమంది.

అయితే మీ ఆయన మాటలో సగం నిజముంది, అది ఒప్పుకోవాలి. షాపుల్లో ప్రెషర్‌లో వేయించడం ఉంది. దీనికి మూలం అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, కార్బిన్ అనే చిన్న ఊరు. అక్కడ రోడ్డు పక్కన హోటల్ నడిపే హార్లాండ్ శాండర్స్‌కి ఒక చిక్కు ఉండేది. ఇనప పెనంలో కోడి వేగడానికి అరగంట పట్టేది, ప్రయాణంలో ఉన్నవాళ్లు అంతసేపు ఆగేవారు కాదు. ముందే వేయించి పెడితే రుచి పోయేది. నిండా నూనెలో వేయిస్తే తొందరగానే అయ్యేది కానీ ఆయన నాలుకకు ముక్క ఎండినట్టు అనిపించేది. 1939లో అప్పుడప్పుడే బజారులోకి వస్తున్న ప్రెషర్ కుక్కర్ ఒకటి కొని, దాన్ని నూనెకు పనికొచ్చేలా మార్చుకుంటూ పోయాడు. అరగంట పని పది నిమిషాల లోపుకు దిగింది. 1952లో సాల్ట్ లేక్ సిటీలో ఆయన పద్ధతి తీసుకుని మొదటి ఫ్రాంచైజీ మొదలైంది. అప్పటికి ఆయన వయసు 62. అలా పుట్టిన కంపెనీయే కేఎఫ్‌సీ, అంటే కెంటకీ ఫ్రైడ్ చికెన్. మన దేశంలో అది 1995లో బెంగళూరులో అడుగుపెట్టింది.

'ఆయన చేయగా లేనిది మనం చేయకూడదా' అని మీవారు అనొచ్చు. ఈ రోజు షాపుల్లో ఉండేది మన కుక్కర్ కాదు, ప్రెషర్ ఫ్రైయర్ అనే వేరే యంత్రం. దాని గోడలు దళసరిగా ఉంటాయి, ప్రెషర్ దిగేదాకా మూత తెరుచుకోని బిగింపులు ఉంటాయి, నూనె వేడిని కనిపెట్టి తనంతట తానే సెగ తగ్గించే థర్మోస్టాట్ ఉంటుంది, ఆవిరిని దూరంగా పంపే గొట్టం వేరే ఉంటుంది. మన కుక్కర్‌లో ఇవేవీ లేవు. లారీ టైరు స్కూటీకి తొడిగినట్టు ఉంటుంది ఆ పోలిక.

అసలు విషయం ఇంకొకటి ఉంది. ప్రెషర్ వల్ల ముక్క కరకరలాడదు! ప్రెషర్ చేసే పని వేరు. ప్రెషర్‌లో నీళ్లు 100 డిగ్రీలకు మరగవు కాబట్టి ముక్కలోంచి తడి తొందరగా బయటికి పోదు, లోపల రసం నిలుస్తుంది, మాంసం త్వరగా ఉడుకుతుంది. రసం, వేగం – ఈ రెండే ప్రెషర్ ఇచ్చేవి. కరకర రావాలంటే పైపొరలోని తడి బయటికి పోవాలి, అది గాలి తగిలేలా మూత లేకుండా వేగితేనే జరుగుతుంది. అమెరికాలో ఆ కంపెనీవాళ్లే 1972లో 'ఎక్స్‌ట్రా క్రిస్పీ' అని రెండో రకం తెచ్చినప్పుడు దాన్ని ప్రెషర్‌లో కాకుండా మూత లేని ఫ్రైయర్‌లోనే వేయించారు. శాండర్స్ పాత పద్ధతి చికెన్ పైపొర పలుచగా, కాస్త మెత్తగానే ఉంటుంది. మీ పిల్లలు అడిగే గరుకు గరుకు పొలుసుల ముక్క మూత తీసిన నూనెలోంచే వస్తుంది.

కాబట్టి ఆదివారానికి మీ కుక్కర్‌ని మూలన పెట్టమని నేననను. రెండు పనులూ విడదీద్దాం. ఉడికించే పని కుక్కర్‌కి నీళ్లతో ఇద్దాం, కరకరలాడించే పని బాణలికి నూనెతో ఇద్దాం. ఎముక దగ్గర పచ్చిగా ఉంటుందన్న మీ భయమూ దీంతో తీరుతుంది. (ఆ ఎరుపు గురించి ఒక మాట. లేత బ్రాయిలర్ కోడి ఎముకలోంచి మజ్జ రంగు ఊరి, బాగా ఉడికినా ఒక్కోసారి ఎముక పక్కన ఎర్రగా కనిపిస్తుంది. రంగు చూసి తేల్చలేం. వంట థర్మామీటర్ ముక్కలో దళసరి చోట గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. అది లేకపోతే పుల్ల గుచ్చండి, కారే రసం తేటగా ఉండాలి, మాంసం ఎముకను తేలిగ్గా వదలాలి.)

ముందు కోడి సంగతి. మన చికెన్ షాపుల్లో అడక్కపోతే స్కిన్‌లెస్ కొట్టి ఇచ్చేస్తారు. స్కిన్‌తో కావాలని చెప్పండి, కిలో మీద కొంత రేటు కూడా తగ్గుతుంది. తోలు వేగితే వచ్చే రుచి వేరు, పిండి కూడా బాగా పట్టుకుంటుంది. కూర ముక్కలు కొట్టించొద్దు. లెగ్ రెండు ముక్కలుగా, రెక్క ఒకటిగా, బ్రెస్టు ఒక్కోవైపు రెండు ముక్కలుగా చేయమనండి. కిలో, కిలోంపావు కోడి అయితే మంచిది, రెండు కిలోల కోడి లెగ్ పీస్ ఇంట్లో బాణలికి మరీ పెద్దది. ఆరేడుగురికి చిన్న కోళ్లు రెండు తీసుకోండి.

శుక్రవారం రాత్రి ముక్కల్ని మజ్జిగలో వేయండి. కిలో ముక్కలకు అర లీటరు పుల్ల మజ్జిగ, రెండున్నర టీస్పూన్ల ఉప్పు, రెండు టీస్పూన్ల కారం, ఒక టీస్పూన్ మిరియాల పొడి, రెండు టీస్పూన్ల వెల్లుల్లి ముద్ద. అల్లం వేయకపోతే నాకు నచ్చుతుంది, అల్లం వేస్తే వెంటనే మన చికెన్ పకోడీ వాసన వచ్చేస్తుంది. ముక్కలు మునిగేలా ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు లోపలికి దిగడమే ఇక్కడ అసలు పని, మజ్జిగ పులుపు మాంసాన్ని కొంచెం మెత్తబరుస్తుంది. నాలుగు గంటలు తక్కువలో తక్కువ, రాత్రంతా ఉంటే మేలు. ఆ మజ్జిగ పచ్చి మాంసం నానింది కాబట్టి మళ్లీ దేనికీ వాడకండి, పారబోయండి.

శనివారం కుక్కర్ పని. అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోసి, స్టాండు పెట్టి, దాని మీద చిల్లుల గిన్నెలో ముక్కలు పేర్చండి. నీళ్లు ముక్కలకు తగలకూడదు. ఇప్పుడు మూత పెట్టండి, వెయిటూ పెట్టండి, మీ ఆయన ముచ్చట తీరుతుంది. బ్రాయిలర్ అయితే ఒక్క విజిల్ రాగానే గ్యాస్ ఆపేసి, ప్రెషర్ దానంతట అదే దిగేదాకా వదిలేయండి. రెండో విజిల్ వస్తే తర్వాత నూనెలో ముక్క ఎముకను వదిలి విడిపోతుంది. నాటుకోడి అయితే కథ వేరు. దానికి ఈ పద్ధతి కోసమే కుక్కర్ పుట్టిందా అనిపిస్తుంది, నేరుగా నూనెలో వేస్తే పళ్లు కదులుతాయి. విజిల్ వచ్చాక సెగ తగ్గించి పదిహేను, ఇరవై నిమిషాలు, కోడి ముదురైతే ఇంకాస్త ఉంచి, గోరు దిగుతోందా చూసుకోండి. అంతసేపు ఉడకాలి కాబట్టి నాటుకోడికి అడుగున నీళ్లు ఇంకో గ్లాసు ఎక్కువ పోయండి. అడుగున మిగిలే నీళ్లలోకి కోడి రసం దిగి ఉంటుంది, పారబోశారంటే నాకు బాధేస్తుంది. దాంతో ఆదివారం పొద్దున మిరియాల చారు పెట్టండి.

ఉడికిన ముక్కల్ని పళ్లెంలో విడివిడిగా పరిచి ఆరబెట్టండి. ఆవిరి పోయి చేతికి తడి అంటకూడదు. ఆరాక, గంట దాటకుండా, మూత లేకుండానే ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా ఫ్రిజ్ గాలికి పైతోలు ఆరుతుంది. చాలామంది తొందరలో వదిలేసేది ఇదే. తడి ముక్కకు పిండి పట్టిస్తే నూనెలో పడగానే పొర ఊడి తేలుతుంది, ముక్క బోసిగా మిగులుతుంది.

ఇక పిండి. కిలోకు రెండు కప్పుల మైదా, అర కప్పు కార్న్‌ఫ్లోర్, పావు కప్పు బియ్యప్పిండి, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్, ఒకటిన్నర టీస్పూన్ ఉప్పు, రెండు టీస్పూన్ల కారం, రెండు టీస్పూన్ల మిరియాల పొడి. మైదా ఒక్కటే అయితే జిగురు ఎక్కువై పొర సాగుతుంది, చల్లారితే తోలులా అవుతుంది. కార్న్‌ఫ్లోర్, బియ్యప్పిండి కలిస్తే పెళుసుగా వస్తుంది. జంతికల్లో బియ్యప్పిండి ఎందుకు వేస్తామో అందుకే ఇక్కడా. బియ్యప్పిండి మరీ పెంచకండి, చికెన్ గట్టి చెక్కల్లా అవుతుంది. ఒకసారి నేను అలా చేస్తే మా అబ్బాయి కంచం మీద కొట్టి చప్పుడు చేసి చూపించాడు.

ఆ పొలుసులు రావడానికి ఒక కిటుకుంది. కలిపిన పొడి పిండిలో మూడు నాలుగు చెంచాల మజ్జిగ చిలకరించి వేళ్లతో నలపండి. అక్కడక్కడా చిన్న చిన్న ఉండలు కట్టాలి. అవే నూనెలో గరుకు పొలుసులవుతాయి. ముక్కను ముందు ఉత్త కార్న్‌ఫ్లోర్‌లో దొర్లించి దులపండి. తర్వాత రెండు గుడ్లు, పావు కప్పు మజ్జిగ గిలక్కొట్టిన దాంట్లో ముంచండి. ఆపైన ఈ పిండిలో వేసి అరచేత్తో గట్టిగా అదమండి. దులిపి, పళ్లెంలో పదిహేను నిమిషాలు వదిలేయండి. పిండి తెల్లగా పొడిపొడిగా కనిపించడం మాని కొంచెం తడి రంగుకు తిరుగుతుంది. అప్పుడే నూనెలో వేయాలి. ఆగకుండా వేస్తే పిండి రాలి నూనె అడుగున మాడుతుంది, తర్వాతి వాయికి చేదు వాసన పడుతుంది.

వేయించడానికి లోతున్న బాణలి మంచిది. అది లేకపోతే మీ కుక్కర్ గిన్నెనే వాడుకోవచ్చు, మూత మాత్రం వేరే గదిలో పెట్టండి. నిజానికి దాని ఎత్తు గోడల వల్ల చిందడం తగ్గుతుంది. నీటి చుక్క లేకుండా తుడిచి, ఐదు లీటర్ల గిన్నెలో లీటరుంపావు నూనె పోయండి, మూడో వంతు దాటనివ్వొద్దు. వేరుశనగ నూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ, రిఫైన్డ్‌దే. ముక్కలు ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసి ఉంచండి. నూనె 180 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటర్ లేకపోతే ఆ పిండి ఉండ ఒకటి వేసి చూడండి. అడుగుకు పోయి నెమ్మదిగా లేస్తే ఇంకా కాగాలి, వేయగానే చుట్టూ బుడగలతో పైకొస్తే సరిపోయింది. పొగ వచ్చిందంటే ఎక్కువైంది, సెగ ఆపి ఆగండి.

మూడు నాలుగు ముక్కలకు మించి వేయొద్దు. ఎక్కువ వేస్తే నూనె వేడి ఒక్కసారిగా పడిపోతుంది, ముక్కలు వేగడం మాని నూనె పీలుస్తాయి. మొదటి రెండు నిమిషాలు గరిటె పెట్టకండి, పొర గట్టిపడనివ్వండి. ముక్క ముందే ఉడికింది కాబట్టి ఐదారు నిమిషాల్లో బంగారు రంగు వస్తుంది, లోపలిదాకా వేడెక్కుతుంది. బుడగల చప్పుడు వింటూ ఉండండి. మొదట వాన పడుతున్నట్టు ఉంటుంది, తర్వాత జల్లు తగ్గినట్టు సన్నగిల్లుతుంది. చప్పుడు తగ్గిందంటే పైపొరలో తడి అయిపోవచ్చిందన్నమాట, అప్పుడు తీయండి.

కుక్కర్ అసలు వద్దనుకునే వాళ్లు బ్రాయిలర్ ముక్కల్ని పచ్చివే పిండి పట్టించి నేరుగా వేయించుకోవచ్చు. నూనె 160 డిగ్రీల దగ్గర ఉంచి, లెగ్ పీసులు పదమూడు, పదిహేను నిమిషాలు, బ్రెస్టు కొంచెం ముందే తీసి, పది నిమిషాలు ఆరనిచ్చి, మళ్లీ 190 దగ్గర ఒకటిన్నర నిమిషం. నా మట్టుకు నాకు ఇదే ఎక్కువ రుచి. కానీ ఇంటినిండా చుట్టాలుండి, లెగ్ పీస్ పచ్చిగా ఉందేమోనన్న టెన్షన్‌తో చేసేటప్పుడు మీకు కుక్కర్ దారే మంచిది. కష్టమంతా శనివారమే అయిపోతుంది.

తీసిన ముక్కల్ని ఎక్కడ పెడతారన్నది చిన్న విషయంలా ఉంటుంది, పండో కాయో అక్కడే తేలుతుంది. పేపరు పరిచిన పళ్లెంలో వేస్తే కింది వైపు ఆవిరి పట్టి ఐదు నిమిషాల్లో మెత్తబడుతుంది. కేకులు ఆరబెట్టే తీగ స్టాండు ఉంటే దాని మీద, లేకపోతే పెద్ద చిల్లుల స్టీలు జల్లెడ బోర్లించి దాని మీద పెట్టండి. దయచేసి హాట్‌ప్యాక్‌లో మాత్రం వేయకండి. మన ఇళ్లలో వేడిగా ఉండాలని ఏది చేసినా హాట్‌ప్యాక్‌లోకే పోతుంది. చపాతీకి మెత్తదనం కావాలి కాబట్టి అది సరే. దీనికి అదే శత్రువు. మీ మరిది వాళ్లు ఆలస్యంగా వస్తే స్టాండు మీదే వదిలేసి, వచ్చాక కాగిన నూనెలో ఒక్క నిమిషం వేసి తీయండి, కొత్తగా వేయించినట్టే ఉంటుంది. ఎయిర్ ఫ్రైయర్ ఉంటే అందులో మళ్లీ వేడి చేయడానికి బాగుంటుంది. మొదటి నుంచీ అందులోనే చేస్తే వచ్చేది తినదగ్గదే గానీ అది వేరే వంటకం.

రుచి అచ్చం ఆ బకెట్‌లా రావాలంటే కేఎఫ్‌సీవాళ్లు వేసే పదకొండు మసాలా దినుసులేమిటో కంపెనీ చెప్పదు, నేనూ చెప్పలేను. నా చేతికి కుదిరిందేమిటంటే నల్ల మిరియాలు సగం తగ్గించి ఆ సగం తెల్ల మిరియాల పొడి వేయడం, దాంతో పాటు చిటికెడు అజినమోటో. అజినమోటో ఇష్టం లేకపోతే మానేయండి, పిల్లలు కనిపెట్టలేరు. గరం మసాలా మాత్రం పిండిలో వేయొద్దు, నూనెలో మాడి చేదెక్కుతుంది.

పక్కన ఉంచుకోవలసింది ఒకటుంది, బాణలికి సరిపోయే పళ్లెం. నూనె అంటుకుంటే గ్యాస్ ఆపి, ఆ పళ్లెం పక్క నుంచి జరుపుతూ మూసేయాలి, చల్లారేదాకా తీయకూడదు. నీళ్లు పోశారో మంట ఇల్లంతా అవుతుంది. బాణలిని ఎత్తి సింకు దగ్గరికి పరుగెత్తడం కూడా అంతే ప్రమాదం. చేతి మీద నూనె చిందితే కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోనివ్వండి. టూత్‌పేస్ట్, పసుపు, ఐస్ ఏమీ రాయకండి. బొబ్బ పెద్దదైనా, ముఖం మీద పడినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వేయించేటప్పుడు కాటన్ బట్టలే కట్టుకోండి, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. వాసనకు వాళ్లు ఆగరని నాకు తెలుసు, ఆ పని మీ ఆయనకు అప్పజెప్పండి.

మిగిలిన నూనె చల్లారాక పల్చటి బట్టలో వడగట్టి ఒకసారి కూరలకు వాడుకోండి. నల్లబడినా, నురగ పట్టినా, పాత వాసన వచ్చినా పారేయండి, మొహమాటం వద్దు. సింకులో మాత్రం పోయకండి, పాత సీసాలో పోసి చెత్తలో వేయండి.

చివరగా మీ కుక్కర్ గురించి, మీరు అడగలేదు గానీ నాకు అదే తొలుస్తోంది. శనివారం ముక్కలు ఉడికించడానికి ముందే దాన్ని చూసుకోవాలి. ఆ రోజు మూతలోని రబ్బరు కాగిన నూనె సెగకు తగిలింది. చూడ్డానికి బాగానే ఉన్నా దాన్ని తీసేసి కొత్తది వేయండి. సేఫ్టీ వాల్వ్ కూడా కొత్తది, మీ కంపెనీదే అడిగి తీసుకోండి, రోడ్డు మీద అమ్మే ఏదో ఒకటి బిగించకండి. వెయిట్ పెట్టే గొట్టంలో పిండి మాడి అతుక్కుని ఉంటుంది. సన్నటి తీగతో పొడిచి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని అటువైపు కనిపిస్తోందా చూడండి. తర్వాత ఉత్త నీళ్లు పోసి ఒక్క విజిల్ రానివ్వండి. మూత చుట్టూ ఎక్కడా ఆవిరి కారకుండా, వెయిట్ దగ్గర నుంచే బుస్సుమంటే కుక్కర్ బాగున్నట్టే. పక్కల నుంచి కారుతుంటే మాత్రం దాంట్లో పప్పు కూడా పెట్టకండి, సర్వీస్ సెంటర్‌కి పంపండి.